వదిన చెప్పులు

వరండా ఊడ్చి గడప పక్కన చెప్పులు వరసగా సర్దుతున్నాను. పెద్దమ్మవి వెడల్పాటి రబ్బరు చెప్పులు. ఆ తర్వాత అన్నయ్య తోలు చెప్పులు, అతను చర్చికీ మీటింగులకీ వేసుకునే నల్లబూట్లు, నా ప్లాస్టిక్ జోడు. చివర వదినవి. ముదురాకుపచ్చ పట్టీ, దాని మీద తెల్లపూసలు. వాటికి దుమ్మే ఉండదు, తుడిచే పని తప్పుతుంది నాకు.

దుమ్మెందుకు ఉండదో తెలియడానికి నాకు కొంత కాలం పట్టింది. అన్నయ్య ఆఫీసుకి వేసుకెళ్లేది ఒక జత. అతను వెళ్లాక వరసలో తగ్గేది మాత్రం రెండు జతలు.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. రాజ్ కుమార్ అన్నయ్య మా పెదనాన్న కొడుకు. పెదనాన్న పోయాక సుగుణమ్మ పెద్దమ్మ తెనాలి చెంచుపేటలో కొడుకు దగ్గరే ఉంటోంది. అన్నయ్య తను పనిచేసే ఆరోగ్య సంస్థలోనే నాకూ ఉద్యోగం చూసి, వేరే గదెందుకు, మా ఇంట్లోనే ఉండు అన్నాడు. మంచివాడు. ఈ మాట వెటకారంగా అనడం లేదు. చెయ్యెత్తడు, తాగడు, గట్టిగా అరవడు. ఆడవాళ్ల మీద హింసను ఎలా ఆపాలో ఆశా వర్కర్లకీ, నర్సులకీ, పాస్టర్లకీ ట్రైనింగులిస్తాడు. అతని ట్రైనింగు విని కళ్లు తుడుచుకున్నవాళ్లను నేనే చూశాను.

ఒకరోజు అతను స్కూటర్ డిక్కీ తెరిచి న్యూస్ పేపర్ పొట్లం ఒకటి లోపల పెడుతుంటే ఆకుపచ్చ పట్టీ కనిపించింది.

"అవి వదినవి కదా అన్నయ్యా?"

"ఆఁ, కుట్టించాలి."

"తెగాయా?"

"తెగకముందే చూసుకోవాలి ఎస్తేరూ," అని డిక్కీ వేసేశాడు.

సాయంత్రం అతను రాగానే చెప్పులు మళ్లీ గడప పక్కకు వచ్చాయి. మర్నాడు పొద్దున మళ్లీ డిక్కీలోకి వెళ్లాయి. లోకంలో ఏ చెప్పులకీ అంత కుట్టుపని పడి ఉండదు.

ఉండబట్టలేక వదిననే అడిగాను. షారోన్ వదినది ఈపురుపాలెం. నర్సింగ్ చదివింది, పెళ్లికి ముందు చీరాలలో ఉద్యోగం చేసింది. బియ్యంలో రాళ్లేరుతూ నవ్వింది.

"మీ అన్నయ్యకి నా చెప్పులంటే ప్రాణం. విడిచి ఉండలేరు."

"ఇంకో జత కొనుక్కోవచ్చుగా వదినా?"

"కొన్నాను. అవీ కుట్టించడానికే వెళ్లాయి. ఇంకా రాలేదు."

"ఒట్టి కాళ్లతో వెళ్తే?"

"ఈ ఎండలో తారు రోడ్డు మీదా? అయినా వీధిలో అడగరూ, ఏమ్మా నర్సమ్మా, చెప్పులేవీ అని. ఏం చెప్పను? మా ఆయన డిక్కీలో ఉన్నాయనా?" మళ్లీ నవ్వింది కానీ ఈసారి రాళ్లతోపాటు బియ్యం కూడా పారేసింది. "బయట తాళం వేస్తే ఊరంతా మాట్లాడుకుంటుంది. చెప్పులు తీస్తే ఎవరికి తెలుస్తుంది చెప్పు? ఆయన తెలివే తెలివి."

లోపల్నించి పెద్దమ్మ అందుకుంది. "ఏంటే గుసగుసలు? మావాడు పెళ్లాం మీద ఇంతవరకూ చెయ్యెత్తి ఎరగడు, తెలుసా?"

"తెలుసత్తయ్యా, ఎత్తలేదు," అంది వదిన. "ఆయన ఎత్తేది చెప్పులే."

ఆ వారంలోనే వదినకు ఫోన్ వచ్చింది. రేపల్లెలో ఒక ఆసుపత్రిలో, ఇంట్లో దెబ్బలు తిని వచ్చే ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక గది తెరుస్తున్నారు. అందులోకి నర్సుగా వదినను ఫోన్‌లోనే మాట్లాడి ఎంచుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నంలోగా స్వయంగా వచ్చి చేరాలి, రాకపోతే తర్వాతి మనిషిని పిలుస్తాం అన్నారు. ఉండటానికి నర్సులకు క్వార్టర్స్ కూడా ఉన్నాయట.

రాత్రి భోజనాల దగ్గర వదిన ఆ మాట చెప్పింది. అన్నయ్య పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "చూద్దాంలే, ఎండలు తగ్గనీ," అన్నాడు.

"శుక్రవారంలోగా తగ్గుతాయా అండీ?"

"చూద్దాం అన్నాగా."

ఆ రాత్రి వదిన గిన్నెలు తోముతుంటే వాటి చప్పుడు మామూలుగా లేదు.

బుధవారం బాపట్లలో ట్రైనింగ్. బయటి దేశాల డబ్బుతో నడిచే ఆరోగ్య కార్యక్రమం అది. బ్యానర్ మీద గ్లోబల్ హెల్త్ అన్న అక్షరాలు మనిషెత్తున ఉన్నాయి. అందులో అన్నయ్య సొంతంగా తయారుచేసిన ఆట ఒకటుంది. దాని పేరు అడ్డుబల్ల. ఇంట్లో ఆడవాళ్లను ఆపడానికి వాడే వస్తువేదైనా ఒకటి తెచ్చి, ఎవరూ చూడకుండా బల్ల మీద పెట్టాలి. ఎవరిదో ఎవరూ అడగకూడదు. అది హింసేనా కాదా అని అందరూ మాట్లాడి, హింస అనేవాళ్లు కుడివైపు గోడకూ కాదనేవాళ్లు ఎడమవైపు గోడకూ వెళ్లి నిలబడాలి. చివరి రూలంటే అన్నయ్యకు మరీ ఇష్టం. బల్ల మీద పెట్టిన వస్తువు మళ్లీ ఆ ఇంటికి వెళ్లకూడదు. అన్నీ పెట్టెలో సర్ది ప్రదర్శనకు పంపేయాలి. ఈసారి ప్రదర్శన రేపల్లెలో, శుక్రవారం రోజంతా.

ఆ పొద్దున స్కూటర్ మెకానిక్ షెడ్డులో ఉంది. అన్నయ్య మీటింగు బూట్లేసుకున్నాడు. ఆటో ఎక్కి స్టేషన్‌కు వెళ్లాం. డిక్కీ లేదు కదా, పొట్లం ఏమైందా అని చూస్తూనే ఉన్నాను. రైల్లో జనం బాగా ఉన్నారు. నాకు సీటు దొరికితే అన్నయ్య తన లాప్‌టాప్ బ్యాగు నా ఒళ్లో పెట్టి, తలుపు దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ నిలబడ్డాడు. నిడుబ్రోలు దాటేదాకా బ్యాగులోంచి ఏదో గట్టిగా నా మోకాలికి పొడుచుకుంటూనే ఉంది. తడిమి చూశాను. చెప్పు మడమ.

హాల్లో ఆశా వర్కర్లు, నర్సులు, కొంతమంది మగ హెల్త్ అసిస్టెంట్లు కూర్చున్నారు. ట్రైనింగు మొత్తం చూసుకునే పర్వీన్ మేడం గుంటూరు నుంచి వచ్చింది. అందరి వస్తువులూ గుడ్డ కింద బల్ల మీద పెట్టించే పని నాది. మేడం మైకు సరిచేసుకుంటూ, "ఎస్తేరూ, రాజ్ కుమార్ గారి బ్యాగులో పెన్ డ్రైవ్ ఉందట, తీసుకురామ్మా," అంది.

పెన్ డ్రైవ్ తెచ్చాను. దాంతోపాటు పొట్లమూ తెచ్చాను. బల్ల దగ్గర ఎవరూ చూడకుండా పెట్టాలన్నది అన్నయ్య పెట్టిన రూలే కదా.

మేడం గుడ్డ తీసింది. తలుపు గొళ్లెం, పగిలిన సెల్‌ఫోన్, గ్యాస్ బండ తాళం చెవి. ఎవరో మొగుడి ఫోటో కూడా పెట్టారు. అందరూ నవ్వారు. తర్వాత పొట్లం విప్పితే ఆకుపచ్చ చెప్పులు. నేను బల్లను చూడలేదు, అన్నయ్యను చూశాను. చేతిలో మంచినీళ్ల సీసా ఉంది. తాగడానికి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"ఇది తేలికేనండీ," అన్నాడు హెల్త్ అసిస్టెంటు మత్తయి గారు. "చెప్పుతో కొట్టడం. ఇందులో మాట్లాడేదేముంది?"

"అంతేనండీ, అంతే," అన్నారు చాలామంది.

చీరాల వైపు నుంచి వచ్చిన ఆశా వర్కరు కరీమాబీ లేచింది. "కొట్టే చెప్పు ఒకటే ఉంటుందండీ. కోపం వచ్చినోడు చేతికందింది తీస్తాడు. జత కలిపి, బొత్తి పెట్టి, పేపర్లో చుట్టుకుని మరీ వచ్చి కొట్టేవాణ్ని నేనెక్కడా చూళ్లేదు."

హాలంతా గొల్లుమంది.

"పైగా ఆడవాళ్ల చెప్పులండీ అవి. అడుగు చూడండి, అరగనే లేదు," అంది పక్కావిడ.

"అయితే కొత్తవేమో," అన్నాడు మత్తయి గారు.

"కొత్తవి కాదు బాబాయ్, పట్టీ చూడు, పాతబడింది. వేసుకోనివ్వట్లేదంతే." కరీమాబీ చెప్పులు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఎవడో గడుసోడు. పెళ్లాం గడప దాటకుండా చెప్పులు దాచుంటాడు. పనికి పోతూ కూడా పట్టుకుపోతాడు కాబోలు, టిఫిన్ బాక్సులాగా."

"పట్టుకెళ్లి ఏం చేసుకుంటాడు పాపం?"

"మధ్యాహ్నం ముందర పెట్టుకుని తింటాడేమో!"

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. పర్వీన్ మేడం కూడా కళ్లజోడు తీసి తుడుచుకుని, "రాజ్ కుమార్ గారూ, మీరు చెప్పండి. దీన్ని హింస అనొచ్చా?" అంది.

అన్నయ్య లేచి గొంతు సవరించుకున్నాడు. "అంటే, మేడం, ఆ ఇంట్లో పరిస్థితులేంటో మనకు తెలియదు కదా. ఆయన ఒకవేళ కుట్టించడానికి..."

"తెగలేదండీ!" అని నలుగురైదుగురు ఒకేసారి అరిచారు.

"ఆమె క్షేమం కోరి కూడా అయుండొచ్చు. బయట ఎండలు..."

"ఎండకే కదయ్యా చెప్పులు కనిపెట్టింది!" అంది కరీమాబీ.

మేడం గోడలు చూపించింది. కుర్చీలు జరిగిన చప్పుడు. మత్తయి గారితో సహా అందరూ కుడివైపుకు వెళ్లిపోయారు. నేను కూడా వెళ్లాను. ఎడమవైపు గోడ ఖాళీగా ఉంది. అన్నయ్య ఒక్కడే హాలు మధ్యలో మిగిలాడు.

"ట్రైనర్ నిలబడక్కర్లేదు మేడం, అది రూలు," అన్నాడు.

"ఇవాళ నిలబడండి సార్, సరదాగా."

అతను ఎడమగోడ వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత నెమ్మదిగా వచ్చి మా వైపు, కరీమాబీ పక్కన నిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మత్తయి గారైతే భుజం కూడా తట్టాడు.

సాయంత్రం వస్తువులు పెట్టెలో సర్దుతుంటే అన్నయ్య వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చెయ్యి పెట్టె అంచు దాకా వచ్చింది. అప్పుడే మేడం అటుగా వస్తూ, "చూశారా, మీ రూలు ఎంత మంచిదో. ఒక్కటి కూడా వెనక్కి పోకూడదు," అంది.

"అవునండి," అన్నాడు అన్నయ్య. పెట్టె మూత నేనే వేశాను.

తిరుగు రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. నిడుబ్రోలు దాటాక, "నువ్వేనా?" అన్నాడు.

"ఏంటన్నయ్యా?"

ఏంటో చెప్పాలంటే చెప్పులు తనవేనని ఒప్పుకోవాలి. కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ, "ఏం లేదు," అన్నాడు.

ఇంటికి వచ్చాక బెండకాయలు తరుగుతూ వదినకు అంతా చెప్పాను. టిఫిన్ బాక్సు మాట దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, పెద్దమ్మకు వినపడకుండా. నవ్వి నవ్వి ఒక్కసారిగా ఆగిపోయింది.

"అంటే ఇప్పుడు నాకు చెప్పులే లేవు."

"ఉన్నాయి వదినా. రేపల్లెలో ఉన్నాయి. శుక్రవారం రోజంతా బల్ల మీదే ఉంటాయి."

"అక్కడికి వెళ్లడానికి చెప్పులుండొద్దూ?"

నా జోడు ముందుకు తోశాను. వదిన పాదం అందులో సగమే పట్టింది.

"ఆ చెప్పులు మళ్లీ ఈ ఇంటికి రాకూడదంటావు."

"రాకూడదు. అన్నయ్య రూలు."

వదిన ఒక బెండకాయను చాలాసేపు తరిగింది. తర్వాత లేచి వరండాలోకి వెళ్లింది. నల్లబూట్ల దగ్గర నిలబడి, తన పాదం పక్కన పెట్టి కొలుచుకుని వచ్చింది.

గురువారం సాయంత్రం అన్నయ్య స్నానానికి వెళ్లగానే నేను అతని తోలు చెప్పులు పేపర్లో చుట్టి, బజారులో చెప్పులు కుట్టే ఆశీర్వాదం తాతకిచ్చాను. ఆయన అటూ ఇటూ వంచి చూశాడు.

"ఎక్కడ తెగిందమ్మా?"

"ఎక్కడా తెగలేదు తాతా. ఎల్లుండి ఇవ్వు చాలు."

శుక్రవారం పొద్దున వరండా ఊడ్చి చెప్పులు సర్దాను. పెద్దమ్మ రబ్బరు చెప్పులు, నల్లబూట్లు, నా జోడు. అంతే. అన్నయ్య కాఫీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చి వరస చూశాడు.

"నా చెప్పులేవి?"

"కుట్టించడానికిచ్చాను అన్నయ్యా."

"ఎక్కడ తెగాయి?"

"తెగకముందే చూసుకోవాలి కదా."

గ్లాసు నోటిదాకా వెళ్లలేదు. అంతలో లోపల్నించి వదిన వచ్చింది. ఇస్త్రీ చేసిన నీలం చీర కట్టింది, భుజాన పెద్ద బ్యాగుంది. గడప మీద కూర్చుని నల్లబూట్లు దగ్గరకు లాక్కుంది. పాత పేపరు ఉండచుట్టి ముందు భాగంలో కూరింది. పాదాలు దూర్చి, లేసులు రెండు ముళ్లు వేసింది.

"షారోన్, ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య. "అవి నా బూట్లు."

పెద్దమ్మ తలుపు దగ్గరకు వచ్చింది. కోడలి కాళ్ల వైపు చూసింది, కొడుకు వైపు చూసింది.

వదిన మెట్లు దిగింది. అన్నయ్య గ్లాసు కింద పెట్టి, గబగబా పెద్దమ్మ రబ్బరు చెప్పుల్లో కాలు పెట్టాడు. ఒకదానికి నీలం పట్టీ, ఇంకోదానికి ఎర్రది. ఎదురింటి మొయినుద్దీన్ గారు అరుగు మీద నుంచి పలకరించాడు.

"ఏంటి రాజ్ కుమార్ గారూ, ఇవాళ మీటింగు లేదా?"

అన్నయ్య కాలు వెనక్కి తీసుకున్నాడు. మెట్టు మీద ఒట్టి కాళ్లతో నిలబడి, "ఉందండి," అన్నాడు.

వదిన గేటు తీసి బయటికి వెళ్లి, మళ్లీ జాగ్రత్తగా వేసింది. మొయినుద్దీన్ గారికి తల ఊపింది. టపాటపామని బూట్ల చప్పుడుతో స్టేషన్ వైపు నడిచి వెళ్లిపోయింది.