మెత్తటి రాయి

మా రాజోలు వైపు ఎంత తవ్వినా మట్టే. సమాధికి రాయి కావాలన్నా లారీలో రావాల్సిందే. అందుకే మావాళ్లకి రాయంటే అంత నమ్మకం. మా అన్నకూతురు నిఖిత హిమాలయాల్లో సొరంగం పనికి జియాలజిస్టుగా వెళ్తుంటే, "వరదకైతే భయపడాలి గానీ, రాతికొండ కింద భయమేంటి" అన్నాడు అన్న వరప్రసాదం. ఆ సొరంగమే కూలి పిల్ల చనిపోయింది.

భూస్థాపన అయిన మర్నాడు, ఆమెతో పనిచేసిన శ్యామ్ సుందర్ వచ్చి రెండు రాళ్లు బల్లమీద పెట్టాడు.

"అంత గట్టి కొండ ఎలా కూలింది బాబూ?" అన్నాడు అన్న.

"కొండ లోపల పెద్ద పగుళ్లుంటాయండీ. ఈ గరుకు రాయి ఉన్నచోట పగులు ఒరుసుకుని బిగిసి ఉంటుంది. ఈ మెత్తటి రాయి ఉన్నచోట పట్టుండదు, జారిపోద్ది. తవ్వే దారిలో ముందు ఇదే ఉందని నిఖిత పైవాళ్లకి చెప్పిందండీ."

"తెలిసే లోపలికి పంపేరా?" అన్నాను. నాకు ఒళ్లు మండిపోతోంది.

"ఆయ్," అన్నాడు తల దించుకుని.

వదిన మేరీ ఆ మెత్తటి రాయిని వేలితో రుద్దింది. వేలు తెల్లబడింది.

"ఇదేం రాయి బాబూ?"

"మొహానికి రాసుకునే పౌడరు దీంతోనే చేస్తారు ఆంటీ."

 ముందురోజు శవపెట్టె మూసేముందు, దెబ్బలు కనపడకుండా కూతురి మొహానికి డబ్బాడు పౌడరు అద్దింది వదినే. వేలిని చీరకొంగుకి తుడుచుకుంది. తెలుపంతా పోయాక కూడా తుడుస్తూనే ఉంది.