జనరల్ యూరిక్ కథ ఎక్కడ ఆపాలి

సన్నీవేల్‌లోని స్కూల్ గదిలో, పిల్లలు కూర్చునే కుర్చీలో ముడుచుకుని కూర్చున్న రాధారాణికి టీచర్ ఇంగ్లీషులో చెప్పినదాంట్లో ఒక్క సంగతి మాత్రం బాగా అర్థమైంది. కూతురు రేణు పుస్తకం సగమే చదివి, అంతా చదివినట్టు రిపోర్ట్ రాసిందట. అలాంటి పిల్లను వచ్చే ఏడు పైస్థాయి క్లాసులో వేయడం కుదరదట.

పదకొండేళ్ల రేణు తల వంచుకుని నిలబడింది.

నిజానికి ఆ పిల్ల ఆఖరి పేజీ దాకా చదివింది. రోజూ సాయంత్రం వంటింట్లో కూర్చుని తల్లికి తెలుగులో చెప్పింది కూడా. 1870లో స్ట్రాస్‌బర్గ్ నగరాన్ని శత్రువులు ముట్టడిస్తే, రిటైరై ఇంటిపట్టున ఉన్న జనరల్ యూరిక్ అరవై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ కొలువుకొచ్చి, ఫిరంగిగుండ్ల మధ్య ఆరు వారాలకు పైగా ఊరిని కాచాడు. పారిస్‌లో పెద్ద వీధికి ఆయన పేరు పెట్టారు. అక్కడికి రాగానే రాధారాణి గరిటె పక్కన పెట్టింది.

"చాల్లే తల్లీ. రిపోర్ట్ కూడా ఇక్కడిదాకే రాయి."

"ఇంకా ఉంది మమ్మీ. హీ సరెండర్డ్. తర్వాత ఎంక్వైరీ పెట్టారు."

"చెడు దగ్గర ఆపకూడదు. మా నాయనమ్మ పట్టాభిషేకం చదివాకే పుస్తకం మూసేది."

"బట్ దిస్ ఈజ్ హిస్టరీ."

"ఏదైతేనేం. శుభంగా ముగిస్తే నీ చదువూ శుభంగా సాగుతుంది."

తొమ్మిదో తరగతిలో రాధారాణి చదువు తెగిపోయింది. పిల్లదీ ఎక్కడ తెగుతుందోనని పదకొండేళ్లుగా ఒకటే గుబులు. తెంపే చెయ్యి తనదే అవుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఎందుకలా చేశావని టీచర్ మళ్లీ అడిగింది. తల్లి ఆపమందని రేణు చెప్పలేదు.

"నాట్ రేణు," అంది రాధారాణి లేచి నిలబడి. "మీ. ఐ సెడ్ స్టాప్."

టీచర్ రేణు వైపు తిరిగి, ఆ జనరల్‌కి తర్వాత ఏమైందో చెప్పమంది. రేణు గడగడా చెప్పింది. తొందరపడి లొంగిపోయాడని విచారణలో తప్పుపట్టారు. వీధికి పెట్టిన పేరు కూడా మార్చేశారు. మిగతాది రాసి శుక్రవారం తెస్తే క్లాసు సంగతి మళ్లీ చూస్తానంది టీచర్.

బయటికి వచ్చాక రాధారాణి నడక ఆగింది.

"పేరు కూడా తీసేశారా?"

"యా. ఫైవ్ ఇయర్స్‌కే."

"అప్పటికి ఆయన పోయాడా?"

"లేదు మమ్మీ. బతికే ఉన్నాడు."

"అదీ రాయి," అంది రాధారాణి.