వెనక ఎడమ తలుపు

మా కారు వయసు పందొమ్మిదేళ్లు. దానికి నాలుగు తలుపులు, నాలుగింటికీ నాలుగు బుద్ధులు. డ్రైవరు తలుపులో తాళంచెవి పెడితే గిర్రున తిరుగుతుంది తప్ప దేన్నీ పట్టుకోదు. అందుకని ముందు ఎడమ తలుపు తీసి, సీటు మీదుగా వంగి నా వైపు లాకు నాబ్ పైకి లాగి, మళ్లీ చుట్టూ తిరిగొచ్చి కూర్చోవాలి. చూసేవాళ్లకు నేను ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. వెనక కుడి తలుపు ఎప్పుడో గేటుకు గుద్దుకుని బిగుసుకుపోయింది. అది ఇక తలుపు కాదు, గోడే. మిగిలింది వెనక ఎడమది. దాని బయటి హ్యాండిల్ ఊరికే ఊగుతుంది. లోపలి నుంచి తీస్తేనే తెరుచుకుంటుంది.

ఆ తలుపు పక్కన కూర్చునేది మా మామగారు, మా ఆవిడ తండ్రి. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేసిన మనిషి. ఇప్పుడు ఎనభై నాలుగు. నాలుగేళ్లుగా ఆయన జ్ఞాపకాలు ఒక్కో స్టాపులో ఒక్కొక్కటిగా దిగిపోతున్నాయి. కూతురు పోయిందని ఎన్నిసార్లు చెప్పినా నిలవలేదు. చెప్పిన ప్రతిసారీ కొత్తగా ఏడ్చేవారు. కొన్నాళ్లకు చెప్పడం మానేశాను. "అమ్మాయి ఏదీ?" అంటే "వస్తోంది మామయ్యా" అంటాను. సరేనంటారు. ఆ జబ్బు మా ఇంటికి చేసిన మేలు అదొక్కటే.

మా ఆవిడ ఆఖరి రోజుల్లో నన్ను అడిగింది ఒక్కటే. "నాన్నని ముసలివాళ్ల హోమ్‌లో పెట్టనివ్వకు. అక్కడ గదులకి గొళ్లాలు బయటి నుంచి ఉంటాయి."

పెట్టనివ్వనన్నాను. అప్పుడది కష్టమైన మాటలా అనిపించలేదు.

ఆయన కాలి మీద మానని పుండు ఒకటి ఉంది. వారానికి రెండుసార్లు క్లినిక్కి తీసుకెళ్లి కట్టు మార్పించాలి. టాక్సీ పిలిచి చూశాను. మామగారు దాని తలుపు దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, "ఇది నా సర్వీసు కాదు" అని వెనక్కి తిరిగారు. మా కారులో ముందు సీట్లో కూర్చోబెట్టి చూశాను. నడుస్తున్న బండిలో హ్యాండ్ బ్రేక్ లాగారు. వెనక ఎడమ తలుపు పక్కన అయితే బుద్ధిగా కూర్చుంటారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన చోటు అదే మరి. నన్ను అల్లుడిగా గుర్తుపట్టేది ఇంట్లోనే. కారెక్కగానే నేను డ్రైవరునైపోతాను.

"డ్రైవరు గారూ, నిన్న మీరు బ్రేకు గట్టిగా కొట్టారు. ఆడవాళ్లు పడ్డారు."

"పొరపాటైంది మామయ్యా."

"మామయ్యేంటండీ, డ్యూటీలో!"

ఒకరోజు మార్కెట్ దగ్గర బండి మెల్లగా పోతుంటే ఆయన హ్యాండిల్ లాగి తలుపు తీసేశారు. పడలేదు. రెండు కాళ్లూ బయట పెట్టి, పైన పట్టుకుని నిలబడ్డారంతే, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డట్టు. బజారంతా చూసింది. సాయంత్రానికి మా బావమరిది చెవిన పడింది.

అతను అచ్చాఫీసులో మేనేజరు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. వంటింటి గుమ్మంలో నిలబడి మెల్లగా చెప్పాడు.

"బావా, మీకూ డెబ్బై దగ్గర పడ్డాయి. మిమ్మల్నెవరు చూడాలి?"

"నా సంగతి సరే. నువ్వు చెప్పొచ్చింది చెప్పు."

"ఇంకొక్కసారి నాన్న రోడ్డు మీద దిగితే నేను ఆగను. హోమ్ వాళ్లతో మాట్లాడేశాను. అక్కకి మీరు మాటిచ్చారు, తెలుసు. నేనివ్వలేదు."

మర్నాడే కారు పెద్దన్న దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దన్న అంటే పాత బండ్ల మెకానిక్. వయసులో నాకన్నా పదేళ్లు చిన్న, అయినా ఆ వీధి వీధంతా అతన్ని అలాగే పిలుస్తుంది. తలుపు లోపలి అట్ట విప్పి, టార్చి వేసి, చాలాసేపు చూశాడు.

"సార్, మీ తలుపులు నాలుగూ మాట్లాడుకోవట్లేదు. వాటాలు పంచుకున్న అన్నదమ్ముల్లా ఉన్నాయి."

"ఈ ఒక్కదాన్ని దారికి తెస్తే చాలు. చైల్డ్ లాక్ పనిచేస్తే చాలు."

"ఆ మీట విరిగిపోయి ఎన్నేళ్లయిందో. కొత్త లాకు వెయ్యాలంటే ఈ మోడలే ఆపేశారు. తుక్కు కొట్లలో దొరికేవి కూడా ఇంతే, వాటికీ ఇదే జబ్బు. పోనీ లోపలి హ్యాండిల్ పీకేద్దామా అంటే, బయటిది చచ్చింది కదా, ఇక ఆ తలుపు ఎప్పటికీ తెరుచుకోదు. పెద్దాయన్ని కిటికీలోంచి దింపుతారా?"

నా మొహం చూసి అతనే మళ్లీ టార్చి వెలిగించాడు. చివరికి ఒక ఉపాయం చేశాడు. మిగతా మూడు తలుపుల నాబ్‌లు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు, గుంతలో పడ్డప్పుడల్లా, టక్కుమని వాటంతటవే దిగిపోతాయి. ఈ తలుపుది మాత్రం దిగేది కాదు. దాన్ని కూడా దిగేలా చేశాడు. నాబ్ దిగి ఉంటే హ్యాండిల్ ఎంత లాగినా తెరుచుకోదు. ముందు నాబ్ పైకి లాగాలి, తర్వాత హ్యాండిల్.

"పెద్దాయనకి రెండు పనులు వరసగా గుర్తుంటాయా సార్?"

"ఉండవు."

"అదే మన తాళం," అన్నాడు పెద్దన్న, చేతులు తుడుచుకుంటూ.

మతిమరుపును తాళంగా వాడుకోవడం నాకు సిగ్గనిపించింది. కానీ పనిచేసింది. ఆయన హ్యాండిల్ లాగేవారు. తలుపు కదిలేది కాదు. "స్టాపు రాలేదు కాబోలు" అని తనకు తనే చెప్పుకుని కూర్చునేవారు. క్లినిక్ దగ్గర నేను ముందు సీట్లోంచి వెనక్కి వంగి నాబ్ లాగి, హ్యాండిల్ లాగి, తలుపు తోసేవాణ్ణి. నడుము పట్టేసేది. అయినా ఆ నెల రోజులు నేను రాత్రిళ్లు నిద్రపోయాను.

తర్వాత ఒక మధ్యాహ్నం, క్లినిక్ ఆవరణలోనే, టైరులో గాలి తగ్గినట్టుందని ఇంజను ఆపకుండా దిగాను. నా తలుపు నా వెనకే మూసుకుంది. లోపల టక్కుమంది. నాలుగు నాబ్‌లూ దిగిపోయాయి. తాళంచెవి లోపల, ఇంజనుకే వేలాడుతోంది. రెండోది ఇంట్లో, బీరువాలో. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. ఏసీ పాడై ఏళ్లయింది. ఎండ కారు పైకప్పు మీద పొయ్యిలా ఉంది.

"మామయ్యా, ఆ నాబ్ పైకి లాగండి. పైకి! మీ భుజం పక్కన!"

ఆయన నా వైపు మర్యాదగా చూశారు. బస్సు బయట నిలబడి అరిచే జనాన్ని ఎలా చూసేవారో అలాగే. నేను వేళ్లతో చూపించాను. బతిమాలాను. పది నిమిషాలు గడిచాయి. ఆయన మెడ మీద చెమట కాలువలు కట్టింది. చొక్కా గుండీ విప్పుకోబోయి, అది ఎలా విప్పాలో తెలియక వదిలేశారు. జనం మూగారు. ఒకాయన ఇటుకరాయి తెచ్చాడు.

"ఏ అద్దం పగలగొట్టమంటారు?"

"పెంకులు ఆయన మీద పడతాయి, ఆగండి" అన్నాను. అంటూ, ఏం చేయాలో తోచక, అరచేత్తో కారు పక్క రేకు మీద గట్టిగా ఒక చరుపు చరిచాను. కోపంతో చరిచాను, అంతే.

ఆయన చటుక్కున లేచారు. ఎడమ చెయ్యి నాబ్‌ని పైకి లాగింది, కుడి చెయ్యి హ్యాండిల్ తిప్పింది. ఆ చేతులు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. తలుపు తోసుకుని దిగి, పక్కకు జరిగి నిలబడ్డారు.

"దిగండి, దిగండి! ముందు పిల్లల తల్లులు. తోసుకోకండి!"

జనం నవ్వారు. ఇటుక తెచ్చినాయన దాన్ని వీపు వెనక దాచుకున్నాడు. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ. బస్సు రేకు మీద కండక్టరు ఒక చరుపు చరిస్తే ఆగడం, రెండంటే బయల్దేరడం. బుర్ర మరిచిపోయినా, ఆగగానే గొళ్లెం ఎత్తి తలుపు తీసే పని ఆయన చేతుల్లో ఉండిపోయింది.

ఆ రోజు నుంచి నాకు పండగే. నడుము వంచే పని లేదు. ఆగగానే దిగి ఒక్క చరుపు. ఆయన తలుపు తీసుకుని రాజాలా దిగేవారు. తిరిగి ఎక్కాక తనే లోపలి నుంచి రెండుసార్లు చరిచి "రైట్ రైట్" అనేవారు. క్లినిక్ నర్సుకు చెప్పాను, పెద్దన్నకు చెప్పాను, బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఒక్క పెద్దన్నే నవ్వలేదు.

"సార్, మన తాళం ఆయనకి నాబ్ గుర్తులేకపోవడం. మీరు ప్రతిసారీ గుర్తుచేస్తున్నారు."

"నేను చరిస్తేనే తీస్తారయ్యా."

"చరిచే చెయ్యి ఎవరిదో ఆయనకి ఎట్లా తెలుస్తుంది?"

నేను ఆ మాట పట్టించుకోలేదు. చదువుకున్నవాణ్ణి. కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్లు పుస్తకాలకు నంబర్లు వేసినవాణ్ణి. అంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. బహుశా ఆయన అలా తలుపు తీసి నిలబడ్డప్పుడు, పాత మనిషి ఒక్క నిమిషం తిరిగొచ్చేవాడు. ఆ నిమిషం వదులుకోలేకపోయాను.

మూడో వారం. వంతెన దిగువన వాహనాలు నత్తల్లా కదులుతున్నాయి. మా ఎడమ పక్కనే ఒక లారీ. దాని క్లీనరు కిందికి దిగి, వెనక్కి చూసి, డ్రైవరుకు ఆగమని చెప్పడానికి లారీ రేకు మీద చరిచాడు. ఒక్క చరుపు.

నాకు వినపడింది. వినపడగానే తెలిసింది కూడా. "మామయ్యా, వద్దు!" అనేసరికి నా వెనక నాబ్ లేచిన చప్పుడయింది. తలుపు బార్లా తెరుచుకుంది. లారీకీ మాకూ మధ్య సందులోంచి వస్తున్న ఒక అమ్మాయి స్కూటరు ఆ తలుపుకు కొట్టుకుని పడింది. మామగారికి ఏమీ కాలేదు. దిగి, పక్కకు జరిగి, "దిగండి, ముందు ఆడవాళ్లు" అంటూ నిలబడ్డారు, నేల మీద పడి ఉన్న ఆ అమ్మాయి ఎదురుగా.

ఆ అమ్మాయి మణికట్టు విరిగింది. నొప్పితో పెదవి కొరుక్కుంటూనే నన్ను చూసి, "పెద్దాయనకి దెబ్బ తగల్లేదు కదండీ?" అంది. తిట్టి ఉంటే నాకు కొంచెం బాగుండేది. కానీ ఆ మంచి మాటని కూడా మర్చిపోకుండా దాచుకున్నాను.

బావమరిది ఆస్పత్రికి వచ్చాడు. ఆ అమ్మాయి తండ్రితో తనే మాట్లాడాడు. నన్ను అనాల్సినవన్నీ నేనే లోపల అనుకుంటున్నానని అతనికి తెలుసు. బయటికి వచ్చాక మాత్రం, "సోమవారం, బావా" అన్నాడు.

"సరే" అన్నాను.

సోమవారం పొద్దున మామగారికి గడ్డం గీశాను. ఇస్త్రీ చొక్కా తొడిగాను. టాక్సీ ఎక్కరు కదా, మా కారులోనే తీసుకెళ్లాలి. బావమరిది బట్టల పెట్టెతో ముందు సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా మాట్లాడింది మామగారొక్కరే.

"డ్రైవరు గారూ, ఇవాళ రూటు మారిందేం?"

"మారింది మామయ్యా."

"చెప్పాలి కదండీ. ప్యాసింజర్లు కంగారు పడతారు."

హోమ్ ఆవరణ శుభ్రంగా ఉంది. వరండాలో నలుగురైదుగురు ముసలివాళ్లు ఎండ కాగుతున్నారు. గదుల తలుపులు కనిపించాయి. మా ఆవిడ చెప్పింది నిజమే, గొళ్లాలు బయట ఉన్నాయి. ఇంజను ఆపి స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను.

"చరచండి బావా," అన్నాడు బావమరిది. "నా చెయ్యి రావట్లేదు."

నా చెయ్యీ రాలేదు, చాలాసేపు. తర్వాత దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, రేకు మీద చరిచాను. మెల్లగానే చరిచాను. వినపడకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

నాబ్ లేచింది. మామగారు దిగారు. అలవాటుగా లోపలికి వంగి, సీటంతా చేత్తో తడిమి చూశారు. అక్కడ నా కళ్లజోడు పెట్టె ఉంది. తీసి నా చేతికిచ్చారు.

"ఎవరో మర్చిపోయారు. డిపోలో ఇచ్చెయ్యండి."

ఇస్తానన్నాను. బావమరిది పెట్టె పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాడు. లోపలి నుంచి ఒక ఆయమ్మ వచ్చి "రండి నాన్నగారూ" అని చెయ్యి పట్టుకుంది. గొంతు మంచిదే. ఆయన కదల్లేదు. తలుపు వేసి, అది పడిందో లేదో తోసి చూసి, నా వైపు తిరిగారు.

"ఎక్కండి, లేటవుతోంది."

నేను ముందు తలుపు తీసి, వంగి, నా నాబ్ లాగి, చుట్టూ తిరిగొచ్చి కూర్చున్నాను. ఆయన ఓపిగ్గా చూశారు. తర్వాత రేకు మీద రెండుసార్లు చరిచారు.

"రైట్ రైట్."

బండి కదిలేదాకా కండక్టరు అక్కడి నుంచి కదలడు. ఎండలో అలా నిలబడే ఉంటారు, ఎంతసేపైనా. కాలి పుండు ఆయనకు గుర్తుండదు.

అందుకని బండి కదిలించాను.