మామయ్య జల్లెడ

పొద్దున్న ఎనిమిదింటి నుంచి చిట్టి కాలు కాలిన పిల్లిలా అద్దాల తొట్టె చుట్టూ తిరుగుతోంది. పదకొండింటికి మేనేజరమ్మ వస్తుంది. జెల్లీఫిష్‌లను ఉంచాలో, తీసేసి తొట్టెకు తాళం వేయాలో ఇవాళ తేల్చేస్తుంది. ఆ అక్వేరియంలో చిట్టికి అప్పజెప్పింది ఆ ఒక్క తొట్టే.

స్కేలు అద్దానికి ఆనించి మళ్లీ కొలిచింది. రెండు నెలల కిందట సాసరంత ఉన్నవి ఇప్పుడు సీసా మూతంత అయ్యాయి. చచ్చిపోతే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకునేది. ఇవి అంత తేలిగ్గా చావవు. తిండి అందకపోతే తమ ఒంటినే తాము కరిగించుకుంటూ రోజురోజుకీ చిన్నవవుతాయి, అందితే మళ్లీ పెరుగుతాయి. మెదడు లేదు, గుండె లేదు, అలిగే తెలివి అసలే లేదు. గొడుగులాంటి ఒంటి మీది జిగురుకు ఏది అంటుకుంటే దాన్ని అంచుకు జార్చుకుని, కింద వేలాడే చేతులతో నోట్లో వేసుకోవడమే వాటికి తెలిసిన పని. అలాంటి జీవాలకు కూడా కడుపు నింపలేకపోయాను, ఇక నాకు జీతమెందుకని తనను తానే తిట్టుకుంది.

తిండికి లోటు లేదనే ఆమె నమ్మకం. తిన్న గంటకు వాటి పొట్టలో మేత తాలూకు నారింజ రంగు కనిపిస్తుంది. రోజూ ఆ రంగు చూసే పుస్తకంలో టిక్కు పెడుతోంది. ఈమధ్య కాస్త గోధుమ రంగుకు తిరిగింది, అంతే. నీళ్లు మార్చింది, దీపాలు మార్చింది, పంపు వేగం తగ్గించింది. ఇంకా చూడనిది ఒక్కటే, మామయ్య జల్లెడ.

మామయ్య అంటే సొంత మేనమామ. జెల్లీలకు మేతగా వేసే రొయ్యపిల్లల్ని వెనక గదిలో పొదిగించేది ఆయనే. ఇసుక రవ్వల్లాంటి గుడ్లను ఉప్పునీళ్ల సీసాల్లో పోసి, నీటి వేడి సరిచూసి, గాలి పంపి, మర్నాటికి కంటికి ఆనీ ఆనని పిల్లల్ని జల్లెడ పట్టి గిన్నెలో ఇస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. చిట్టిని ఇక్కడ చేర్పించిందీ, దగ్గరుండి పని నేర్పిందీ ఆయనే. నేర్పినవాడి జల్లెడలోకి తొంగిచూడడం ఆ గదిలో తప్పు. ఆ రూలు ఎక్కడా రాసి లేదు గానీ, దాన్ని దాటినవాళ్లూ లేరు.

పదిన్నరకు గిన్నె వచ్చింది. ఒంపబోయి చిట్టి ఆగింది. అనుమానం వచ్చి కాదు, చూడడానికి ఇంకేమీ మిగలక. దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూసి, ఒక చుక్క తీసి భూతద్దం కింద పెట్టింది. బతికున్న రొయ్యపిల్లలు క్షణం కుదురుగా ఉండవు. ఇక్కడ ఏదీ కదలడం లేదు. చుక్క నిండా గుండ్రటి గోధుమరంగు గుడ్లే, ఒక్కటీ పొదగలేదు. జెల్లీలు ఇన్నాళ్లూ అరగని గుడ్లు మింగి, అలాగే కక్కేస్తున్నాయన్న మాట. తనేమో రంగు చూసి టిక్కులు పెడుతోంది.

వెనక గదికి పరుగెత్తింది. మామయ్య థర్మామీటరును ముక్కుకు తగిలేంత దగ్గరగా పట్టుకుని చూస్తున్నాడు. చూసి గోడ మీది పలకపై ఇరవై ఎనిమిది అని రాశాడు. చిట్టి వంగి చూసింది. పద్దెనిమిది. ఆ చల్లదనంలో గుడ్లు ఎలా పొదుగుతాయి?

"మామయ్యా, జల్లెడలో పిల్లలు కదులుతున్నాయా?"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు, పొడిగా ఉన్న చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు. ఈలోపు మేనేజరమ్మ ఫైలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసింది. జెల్లీలు అలా ఎందుకు చిక్కిపోయాయో తేలిందా అని అడిగింది.

చిట్టి పలక వైపు చూసింది. తప్పు తన మీద వేసుకుంటే తొట్టె పోతుంది, ఈ గదిలో రేపు కూడా చల్లనీళ్లలోనే గుడ్లు పోస్తారు. నిజం చెబితే మామయ్య పని పోతుంది.

"తేలిందండీ. గుడ్లు పొదగడం లేదు. మామయ్యకు అంకెలు కనిపించడం లేదు."

అని తల దించుకుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మేనేజరమ్మ పలకనూ థర్మామీటరునూ మార్చి మార్చి చూసింది. తొట్టెకు నెల రోజులు గడువిస్తున్నానంది. రేపటి నుంచి ఈ గది కూడా చిట్టే చూసుకోవాలి, ఆయన ముందు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి, మిగతా సంగతి తర్వాత అని చెప్పి వెళ్లిపోయింది.

మామయ్య కసురుకుంటాడనుకుంది చిట్టి. ఆయన స్టూలు తడుముకుని కూర్చున్నాడు.

"గిన్నె నీకు ఇచ్చేటప్పుడు రోజూ కాసేపు వదలకుండా పట్టుకునేవాణ్ణి చిట్టీ. ఒక్కసారి లోపలికి చూస్తావేమోనని. నా నోటితో నేను చెప్పుకోలేకపోయాను."

నిజమే. రోజూ ఆ గిన్నె ఒక పట్టాన చేతికి వచ్చేది కాదు. ముసలితనం, చాదస్తం అనుకుని, ఆలస్యమవుతోందని విసుక్కుంటూ ఆయన వేళ్లలోంచి తనే లాక్కునేది.