పాట కింద గొంతు

సెప్టెంబరు పందొమ్మిది. ఆ రోజు తిన్నది సగం జొన్నరొట్టె, దాని మీద ఇంత పుంటికూర, కొరుక్కోవడానికి ఉల్లిగడ్డ. చుట్టాల పుట్టినరోజులు కూడా కలగాపులగం చేసుకునే ఇష్రత్‌కు ఆ తేదీ మాత్రం మరపు రాలేదు. మల్దకల్ దాటాక ఒక సీడ్ పత్తి చేను గట్టు మీద, కెమెరా స్టాండు కాళ్లు మెత్తటి మట్టిలో నిలబెట్టే తంటాలో ఉందామె. పక్కనే సద్ది విప్పుతున్న, ఆ చేలో పని చేసే జోగులమ్మ తల కూడా ఎత్తకుండా అడిగింది.

"తిన్నవా బిడ్డా?"

ఇష్రత్ వెంటనే జవాబు చెప్పలేకపోయింది. పొద్దున ఆమె చేతి మీదుగా అందరూ తిన్నారు. మామగారికి షుగరని నూనె తగలని రొట్టెలు, భర్త ముజీబ్‌కు పరాటా, కొడుకు ఇమ్రాన్ బడి డబ్బాలోకి బగారా అన్నం. ఇన్నింటి మధ్య తాను తినలేదన్న సంగతి తనకే గుర్తులేదు. ఆ ప్రశ్న ఇంట్లో పూటపూటా తాను అందరినీ అడిగేదే. తనను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో ఎంత వెతుక్కున్నా తట్టలేదు. "లేదక్కా" అంది చివరికి. జోగులమ్మ రొట్టె విరిచి సగం ఆమె చేతిలో పెట్టింది. కెమెరా అప్పటికే నడుస్తోంది.

గద్వాల కోట దగ్గర ముజీబ్‌కు ఫోటో స్టూడియో ఉంది. బోర్డు మీద అతని పేరు, అతని బొమ్మ. పెళ్లిళ్లకు వెళ్లి వీడియో తీసేది అతనే. తీసుకొచ్చిన ముక్కల్ని కోసి, కూర్చి, పెళ్లిగా నిలబెట్టేది ఇష్రత్. వనపర్తి కాలేజీలో డిగ్రీ చదివిన కోడలు కంప్యూటరు ముందు కూర్చోగలదని తెలిసిన ఏడాదే, ఎడిటింగ్‌కు జీతమిచ్చి పెట్టుకున్న మనిషిని మాన్పించాడు ముజీబ్. అప్పటి నుంచి పొయ్యి మీద కూర, ఒళ్లో పిల్లవాడు, తెర మీద ఎవరివో అప్పగింతలు. పెళ్లికూతుళ్ల ఏడుపుల్లో ఏది నిజంగా వచ్చిందో ఏది కెమెరా కోసం వచ్చిందో ఆమెకు చూడగానే తెలిసేది. ఎవరైనా అడిగితే ముజీబ్ నవ్వుతూ చెప్పేవాడు, "మా ఇంట్లామె జర హెల్ప్ చేస్తది. ఖాళీగ కూసుంటే ఆమెకు గూడ తోచాలె గద." మొదట్లో ఆమె కూడా నవ్వేది. రానురాను ఆ "జర" పంటి కింద రాయి అయింది. జర అంటే కొంచెమే కదా, ఎంత కొంచెం? పెళ్లి మొత్తం తన చేతిలోంచి పోతే మిగిలేదేంటి?

పెళ్లి వీడియోలకు ఒక ఆనవాయితీ ఉంది. చేతికిచ్చే ముందు రెండు వైపుల పెద్దల్నీ స్టూడియోకు పిలిచి ఒకసారి చూపాలి. మా చిన్నాయన ఈడ తూలుతుండు తీసేయమని ఒకరు, మా ఆడబిడ్డ మూతి ముడుచుకుంది కోసేయమని ఇంకొకరు. వాళ్లు వద్దన్నది తీసేయాల్సిందే, అందులో బేరం లేదు. ఎవరూ చెప్పని పద్ధతి మరొకటుంది. తీసేవాళ్ల గొంతు ఎక్కడా వినపడకూడదు. "జర ఇటు చూడమ్మా", "దండ పైకెత్తు" లాంటివన్నీ నొక్కేసి పైన పాట వేయాలి. ఇష్రత్ చేతులకు అది ఊపిరి తీసినంత అలవాటు.

కరోనాలో పెళ్లిళ్లు ఆగిపోయి స్టూడియో మూతపడ్డప్పుడు, మూల పడి ఉన్న పాత కెమెరా పట్టుకుని ఆమె సొంతంగా తీయడం మొదలుపెట్టింది. యూట్యూబులో "మా దిక్కు మాట" అని చానెల్ పెట్టింది. ఆమె కోరిక ఒకటే. చూసినవాళ్లు చూసి ఊరుకోకూడదు, మాట్లాడుకోవాలి, అవసరమైతే కొట్లాడుకోవాలి. అయితే ఆ సినిమాల్లో కథ చెప్పే గొంతు ముజీబ్‌ది. గద్వాలలో ఆ గొంతుకు పేరుంది. ఎన్నికలకైనా బట్టల దుకాణానికైనా ఆటో మైకులో మోగేది అదే. "ఆడోళ్ల గొంతు పెడితే జనం వంట వీడియో అనుకుంటరు" అన్నాడతను. ఆమె రాసింది, అతను చదివాడు. రాత్రికి రాత్రి వచ్చిన గాలివానకు కాయ రాలిపోతే ఆ నష్టం కౌలు రైతు మోయాలా, తోట యజమాని మోయాలా అని కొల్లాపూర్ మామిడి తోటల మీద సినిమా చేస్తే, కింద కామెంట్లన్నీ ఒకటే. అన్నా నీ బేస్ వాయిస్ సూపర్. అన్నా మా బిడ్డ ఫంక్షన్‌కు మైకు చెప్తవా. ముజీబ్ చాయ్ తాగుతూ ఒక్కొక్కటే పైకి చదివి వినిపించేవాడు. మామిడికాయ ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

అందుకే సీడ్ పత్తి సినిమా మీద ఆమె అంత ఆశ పెట్టుకుంది. కంపెనీలకు విత్తనం పండించే ఆ చేలల్లో పని వేరు. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గ విప్పి, లోపలి పుప్పొడి తిత్తుల్ని గోటితో గిల్లేసి, ఎర్ర కాగితం తొడుగుతారు. మర్నాడు పొద్దున మగ చెట్టు పువ్వు తెచ్చి దానికి అద్దుతారు. గోరు కాస్త లోతుకు దిగిందా, కాయే ఉండదు. చేను చేనంతా ఒక్కో మొగ్గనూ అలా పలకరించుకుంటూ పోవాలి. చేసేది ఆడవాళ్లు. పట్టా పాసుబుక్కుల్లో ఎక్కువగా ఉండేది మగవాళ్ల పేర్లు. మీ ఇంట్లో రైతు ఎవరు? సినిమా మొత్తం ఆ ఒక్క ప్రశ్న.

కూర్పు అయ్యాక ఆమె పెళ్లి ఆనవాయితీనే జోగులమ్మ వాళ్ల ఊరికి తీసుకెళ్లింది. ఇందులో ఉన్నవాళ్లు ముందు చూడాలి, వద్దన్నది తీసేయాలి. స్టూడియో ప్రొజెక్టరు కాబట్టి ముజీబ్ కూడా వచ్చాడు. పొద్దు గూకాక జోగులమ్మ ఇంటి గోడకు తెల్ల దుప్పటి కట్టారు. చేల నుంచి వచ్చిన ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. మగవాళ్లు వెనక నిలబడ్డారు. "తెల్ల బంగారం పండే నేల ఇది" అని ముజీబ్ గొంతు గోడల్ని అదరగొట్టింది.

అయిపోయాక పక్కింటి పుష్పమ్మ "బాగనే ఉంది గని" అని ఆగింది. ఆ "గని" జోగులమ్మ అందుకుంది.

"గాలితోని మాట్లాడినట్లున్నం బిడ్డా. నేను లేదంటున్న, అవునంటున్న, నవ్వుతున్న. ఎవరితోని? చూసేటోళ్లు మాకు పిచ్చి లేసిందనుకుంటరు. నువ్వేడ వోయినవ్?"

ఇష్రత్‌కు అప్పుడు గానీ తట్టలేదు. తన ప్రశ్నలన్నీ తానే నొక్కేసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ల చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. తీసేవాళ్ల గొంతు వినపడకూడదక్కా, అది పద్ధతి అని సర్దిచెప్పబోయింది.

"మరి ఈ సార్ గొంతెందుకున్నది? సార్ మా చేన్లకు ఎన్నడొచ్చిండు?"

ఆడవాళ్లు నవ్వు ఆపుకుంటూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ముజీబ్ ప్రొజెక్టరు వైరు చుట్టడం మొదలుపెట్టాడు. జోగులమ్మ భర్త రాములుకు అతన్ని చూస్తే పాపమనిపించినట్టుంది. సార్ రైతు కష్టం మంచిగ చెప్పిండు అన్నాడు. ఏ రైతు అని జోగులమ్మ అడిగింది.

"ఏ రైతేంది? పాసుబుక్కు నా పేరు మీదున్నది. నేనే గద రైతును."

"అయితే పొద్దుగాల ఆ పాసుబుక్కు వట్కపోయి పువ్వులకు అద్దు" అంది పుష్పమ్మ.

నవ్వు గుడిసెల చివరిదాకా పోయింది. కాసేపటికి రాములు కూడా నవ్వాడు, నవ్వి ఊరుకోలేదు, అప్పు కోసం సేటు దగ్గర నిలబడేది నేను గదా అని వాదనకు దిగాడు. వెనక నుంచి ఒక ముసలాయన భూమి ఇద్దరి పేరున రాస్తే పోయేదేముందన్నాడు. అతని కొడుకు ఉలిక్కిపడ్డాడు. అత్త పక్కన తలవంచుకు కూర్చున్న ఒక కొత్త కోడలు, మా అమ్మగారింట్ల అట్లనే రాసిండ్రు అని మెల్లగా అంది, అని తన గొంతు తనకే కొత్తగా వినిపించినట్టు అటూ ఇటూ చూసింది. ఇష్రత్ గోడకు ఆనుకుని వింటూ ఉంది. తాను కామెంట్లలో వెతికిన మాటలు ఇక్కడున్నాయి. సినిమాలో ఉన్నదాని వల్ల కాదు, లేనిదాని వల్ల వచ్చాయి.

లేచే ముందు జోగులమ్మ తీర్పు చెప్పేసింది. "నువ్వు అడిగితే మేం చెప్పినం. నువ్వు లేకుంటే మా మాటలు గూడ తీసెయ్. వద్దన్నది తీసేస్తనని నువ్వే అన్నవ్."

తిరుగు దారిలో ముజీబ్ వెనక బండి మీద కూర్చుంది ఇష్రత్. ప్రొజెక్టరు పెట్టె ఆమె ఒళ్లో ఉంది. గుంత వచ్చిన ప్రతిచోటా అతను బండి నిదానం చేస్తున్నాడు. అది పెట్టె కోసమే కావచ్చు, అయినా ఆమె నడుముకు ఆ నిదానం అందింది. ఇంట్లో వాళ్లది ఉర్దూ, కానీ కోపమొస్తే ముజీబ్‌కు తెలుగే వస్తుంది. ఊరి పొలిమేర దగ్గర తెలుగు వచ్చింది.

"నీ గొంతు పెట్టుకుంటవా, పెట్టుకో. నా స్టూడియో పేరు మాత్రం వెయ్యకు. రేపు వనపర్తిల మా అక్కలు అడుగుతరు, ఇంట్లామెను బజార్ల నిలబెట్టినవా రా అని. అయినా నీ గొంతు ఎవరు వింటరు?"

పెళ్లయిన కొత్తలో అయితే ఆ ఆఖరి మాటకు ఇష్రత్ రాత్రంతా ఏడ్చేది. ఇప్పుడు ఆమెకు ఒక ఊరు కనిపిస్తోంది. దుప్పటి కట్టిన గోడ ముందు కూర్చుని, నువ్వేడ వోయినవని అడుగుతున్న ఊరు. విన్నవాళ్లు ఉన్నారు. విన్నారు కాబట్టే లేకపోతే వెతికారు.

మర్నాడు వంట ముగించుకుని కూర్చుని, నొక్కేసిన తన మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగి పైకి తీసింది. మొదటి ముక్కలోనే దొరికింది. తిన్నవా బిడ్డా? తర్వాత ఒక ఖాళీ. ఖాళీలో చెట్ల గాలి. లేదక్కా. తన గొంతు వింటే సిగ్గు పుడుతుందనుకుంది. పుట్టలేదు. కొంచెం అలసిన గొంతు, కానీ ఎక్కడా వణకలేదు. బొమ్మ రాకముందే, నల్లటి తెర మీద, సినిమా ఆ రెండు మాటలతో మొదలయ్యేలా పెట్టింది. స్టూడియో పేరు తీసేసింది. ఆ చోట రాసింది: ప్రశ్నలు, కూర్పు, గొంతు, ఇష్రత్. రాసి వెనక్కి ఒరిగి చూసుకుంది. జర అన్న మాటకు అందులో చోటు లేదు.

ఇక మిగిలింది కథ చెప్పడం. ఇషా నమాజు అయి వీధి సద్దుమణిగాక లోపలి గదిలో కూర్చుంది. హాలులో టీవీ వార్తలు, పక్కనే ముజీబ్ ఫోను. మసీదు నుంచి వచ్చిన మామ అబ్దుల్ రహమాన్ గుమ్మం దగ్గర ఆగాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఆయన భార్య ఖైరున్నిసా పోయి మూడేళ్లు.

"ముజీబ్ చదవడా?"

"నేనే చెప్తున్న అబ్బాజాన్."

అభ్యంతరం కోసం ఎదురుచూసింది. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడి, ఆమెవైపు కాకుండా కంప్యూటరు వైపు చూస్తూ అన్నాడు.

"మీ పెళ్లి సీడీల ఖైరున్నిసా ఉన్నది బేటా. దాల్చా గిన్నె వట్టుకొని ఎవరికో ఏందో చెప్తది, చెప్పి నవ్వుతది. ఆమె పోయినంక ఎన్నిసార్లు పెట్టుకొని చూసిన్నో. పెదాలు కదుల్తయి. మీద పాట. ఊరందరి పెళ్లిళ్లు దాచిన ఇల్లు మనది. ఆమె గొంతు మాత్రం ఒక్క ముక్క లేదు."

అత్తగారు ఉదయమే లేచి అందరినీ తిన్నారా అని అడిగే ఆ మాట, ఖానా ఖాయే క్యా, ఇష్రత్ చెవిలో లీలగా మెదిలింది. ఎంత ప్రయత్నించినా దాని స్వరం పూర్తిగా పట్టుబడలేదు.

ఆయన హాలులోకి వెళ్లాడు. టీవీ ఆగింది. లోగొంతుకలో ఏదో అన్నాడు, ముజీబ్ ఏదో విసుక్కున్నాడు. కాసేపటికి ముజీబే వచ్చాడు. ప్రచారాలకు వాడే తన మంచి మైకు తెచ్చి బల్ల మీద పెట్టి, నోటికి మరీ దగ్గర పెట్టుకుంటే మాట పగుల్తది అని గోడకు చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయాడు. ఒప్పుకున్నాడని ఆమె అనుకోలేదు. నాసిరకం శబ్దం అతను భరించలేడు, అంతే. అంతైనా మేలే అనుకుని మైకును తన ఎత్తుకు సరిచేసుకుంది.

"నా పేరు ఇష్రత్. మాది గద్వాల. ఈ ఆడోళ్లను అడిగింది నేను. ఇగ మిమ్ముల అడుగుతున్న."

బయట అబ్దుల్ రహమాన్ వీధి తలుపు వేసి వచ్చి, ఈ గది తలుపు కూడా దగ్గరికి లాగాడు, గడియ చప్పుడు ఆమె గొంతులో పడకుండా రెండు చేతులతో పట్టుకుని.