చెవి పక్కన గాటు

దంతవైద్యుడు రుమాలు విప్పి నాణేన్ని బల్ల మీది గుడ్డపై పెట్టాడు. ఒకవైపు రాజు తల, మరోవైపు మూడు తెరచాపల ఓడ. కొంటాడో లేదో సాయంత్రంలోగా అమ్మేవాడికి చెప్పాలి.

"చూసి పెట్టండమ్మా. నోళ్ళలోకి చూడమంటే చూస్తాను గానీ, వీటి దగ్గర నా కళ్ళు పనిచేయవు," అన్నాడు.

అత్త నవ్వలేదు. పని మొదలయ్యాక ఆమె నవ్వదు.

అది మేడ మీది గది. కింద వీధి పొడవునా పాత నాణేల వర్తకులున్నారు. ఈ గదిలో అమ్మకం లేదు. తెచ్చిన నాణెం అసలుదో నకిలీదో చెప్పడమే ఇక్కడి పని. అత్త "నిలిచింది" అంటే కింద ఎవరూ మారు మాట్లాడరు. "పడింది" అంటే ఆ బేరం అక్కడితో సరి. ఆ రెండు మాటలూ ఆమె నోటే రావాలి. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ కోడలు పక్క పీట మీద కూర్చుని పని నేర్చుకుంటోంది. తూస్తుంది, కొలుస్తుంది, భూతద్దంలో చూసి కనిపించింది చెబుతుంది. తీర్పు మాత్రం చెప్పదు.

గదిలో ఇంకో కట్టుబాటు ఉంది. అదీ అత్త పెట్టిందే. చూసింది ఏదైనా నాణెం తెచ్చినవాళ్ళ ముందే చెప్పాలి. పక్కకు పిలిచి గుసగుసలాడటం లేదు.

కోడలు నాణేన్ని రాతి పలక మీద జారవిడిచింది. మోత సాగి సాగి ఆగింది. తూకం సరిపోయింది. అంచు చుట్టూ వేలు తిప్పింది. రెండు సగాలు కలిపిన అతుకు గానీ, దాన్ని అరగదీసిన గుర్తు గానీ తగల్లేదు.

"పోత పోసింది కాదత్తయ్యా. అచ్చుతో కొట్టిందే."

"పెద్దాయన్ని అడుగుదాం. తీసుకురా," అంది అత్త.

పెద్దాయన అంటే అదే రకం నాణెం. అత్త ఈ పనిలోకి వచ్చిన కొత్తలో తన కంటితో ఎంచి కొన్నది. ఓడ నాణెం మీద అనుమానం వస్తే వీధి మొత్తం దాని పక్కన పెట్టి చూసుకోవడానికి మెట్లెక్కి వస్తుంది. ఈ వీధిలో ఆమె మాటకు విలువ వచ్చింది ఆ నాణెంతోనే.

పెద్దాయన మీద రాజు చెవి పక్కన ఒక గాటు ఉంది. కొన్నరోజే మామ చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. తీసి చూస్తే గాటు. "నేను పడేయకముందే ఉంది," అన్నాడు మామ. "ఉంటే నా కంటికి కనిపించేది కాదా?" అంది అత్త. ఆనాటి నుంచి ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు జారినా ఆ గాటు ప్రస్తావన వస్తుంది. తూకపు సామాను బాగుచేసే మామ ఇప్పుడు కూడా కిటికీ దగ్గర ఒక త్రాసు విప్పుకుని కూర్చున్నాడు.

కోడలు రెండు నాణేలనూ పక్కపక్కన పెట్టి భూతద్దం దించింది. ఒకదాన్నుంచి మరోదానికి జరిపింది. మళ్ళీ వెనక్కి తెచ్చింది. సన్నని కొలతలు తీసే వెర్నియర్‌తో రెండింటి మీదా రాజు చెవి నుంచి కొలిచింది.

"ఏమ్మాయ్, నిద్రపోయావా?" అంది అత్త.

కోడలు తల ఎత్తలేదు. ఇది చెబితే డాక్టరు నాణెం ఒక్కటే పోదు. పెద్దాయన పోతాడు. ఆయనతోపాటు అత్త మాటకు ఈ వీధిలో ఉన్న విలువా పోవచ్చు. డాక్టరేమో ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"ఈ నాణేనికీ గాటుందత్తయ్యా," అంది.

మామ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"ఎక్కడ?" అంది అత్త.

"చెవి పక్కన. పొడవూ అంతే, వాలూ అంతే."

"ఒకేలా ఉంటే మంచిదే కదండీ?" అన్నాడు డాక్టరు.

కోడలు ఆయన వైపు తిరిగింది. "పుచ్చుపన్నుకు అచ్చు తీస్తే పుచ్చు కూడా అందులోకి వస్తుంది కదా డాక్టరుగారూ?"

"రాకుండా ఎలా ఉంటుంది?"

"ఇద్దరు మనుషులకు అదే పన్ను, అదే చోట, అదే ఆకారంలో పుచ్చుతుందా?"

డాక్టరు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మన పెద్దాయన మీంచే ఎవరైనా అచ్చు తీశారేమో," అంది అత్త.

"ఆయన గడప దాటింది లేదు కదత్తయ్యా. గాటు అంచు కూడా చూశాను. దెబ్బ తగిలితే లోహం పక్కకు జరిగి గట్టు కడుతుంది, గోరుకు తగులుతుంది. అచ్చులోంచి వచ్చిన గాటుకు ఆ గట్టు మొద్దుబారుతుంది. డాక్టరుగారి నాణెం మీద మొద్దుగా ఉంది."

"పెద్దాయన మీద?"

కోడలు భూతద్దం అందించబోయింది. అత్త తీసుకోలేదు.

"చూశావుగా. చెప్పు."

"అలాగే ఉంది. వేరే అసలు నాణెం ఏదో ఉంది. ఈ రెండూ దాని మీంచి తీసిన దొంగ అచ్చుతో కొట్టినవే."

అప్పుడు అత్త లేచి పెద్దాయనను కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళింది. గాటు మీద గోరు నడిపింది. భూతద్దంలో చూసింది. మళ్ళీ గోరు నడిపింది. వచ్చి కూర్చుంది.

"మాట అను."

"ఏ మాట?"

"తీర్పు. నువ్వు పట్టినదాన్ని నేను చెబితే దొంగతనమవుతుంది."

కోడలు రెండు నాణేలనూ ఒక పక్కకు జరిపింది. "పడింది. రెండూ పడ్డాయి."

"సాయంత్రం నా బేరం తప్పింది, మీ ఇద్దరికీ దండం," అని డాక్టరు నాణెం తీసుకోబోయాడు. అమ్మేవాడిని అడిగి దాన్ని రెండు రోజులు ఇక్కడే ఉంచమంది అత్త. ఆయన సరేనన్నాడు.

ఆయన మెట్లు దిగేదాకా మామ ఆగాడు.

"అయితే ఆ గాటు నేను పడేయకముందే..."

"ఉంది. చాలా?"

"చాలదు. ఇంకోసారి అను."

"ఉంది మహానుభావా. కొనేటప్పుడు నేను చూడలేదు. ఆ తర్వాత అది మీ పనేనని దాని అంచైనా చూడలేదు."

"నన్ను తిట్టే హడావిడిలో భూతద్దం పెట్టడం మరిచిపోయావు," అన్నాడు మామ. కోడలు నవ్వు ఆపుకోలేక గుడ్డ తీసి బల్ల తుడిచింది.

మర్నాడు మెట్ల దగ్గరి అద్దాల పెట్టెలో రెండు నాణేలూ కనిపించాయి. చెవి పక్కన గాటున్న ఓడ నాణెం ఎవరి దగ్గరున్నా తెస్తే ఊరికే చూసి చెబుతామని కింద అట్ట మీద రాసి ఉంది. రాసింది అత్త.

మూల దుకాణం వర్తకుడు మొదట వచ్చాడు. పెట్టె దగ్గర ఆగి, తీరిగ్గా చూసి లోపలికొచ్చాడు.

"ఏంటి వదినా, పెద్దాయన పడ్డాడటగా?"

"పడ్డాడు."

"ఇన్నాళ్ళూ నీ కంటికే..."

"నా కంటికే చిక్కలేదు. ఎవరికి చిక్కాడో అడుగు."

"ఎవరికి?"

"మా కోడలికి. నన్ను ఈ వీధిలో ఎవరైనా తప్పు పట్టారా ఇప్పటిదాకా? నువ్వు పట్టావా? మీ నాన్న పట్టాడా? మా ఇంట్లోంచే వచ్చింది పట్టేది."

వర్తకుడు జేబులోంచి నాణెం తీసి అలవాటు కొద్దీ ఆమెకు చాచాడు. అత్త చేతులు కట్టుకుని, గడ్డంతో పక్క పీట చూపించింది.

కోడలు నాణెం అందుకుని రాతి పలక ముందుకు లాక్కుంది.

"ఆ గాటు ముందే ఉందని మొట్టమొదట చెప్పింది నేను," అన్నాడు మామ కిటికీ దగ్గర్నుంచి.