శుక్రవారం వంతు

దేవుడి ముందు నేను నిలబడిన ఆ సాయంత్రాలు నావా, మా బావవా? ఈ సందేహం ఇరవై ఏళ్లుగా నాతోనే ఉంది. ఎవరినైనా అడుగుదామంటే ముందు చేసిన తప్పు చెప్పుకోవాలి.

బావ అంటే మా అక్క భర్త. ఇద్దరం పోత ఇనుప ఫ్యాక్టరీలో పనిచేశాం. అచ్చుల్లోంచి తీసిన సామాను నునుపు చేయడానికి, తలుపులు మూసిన గదిలో గాలిగొట్టంతో దానిమీద ఇసుక కొట్టాలి. బయటికొచ్చేసరికి కనురెప్పలు కూడా తెల్లబడేవి. ఆ ఇసుక గదిలో నాకు పడే వంతుల్లో శుక్రవారం సాయంత్రం ఒకటి. ప్రార్థన మందిరంలో దీపం పెట్టే వంతూ అప్పుడే. ఆరేళ్లపాటు బావ తన పగటి పని ముగించుకుని, గేటు దగ్గర నా నంబరు బిళ్ల వేసి, నా బదులు ఆ గదిలోకి వెళ్లాడు.

"నీ దుమ్ము నేను తింటాలే. నా పేరున కూడా ఒక్క దీపం పెట్టరా," అనేవాడు. ఆయనకు దేవుడంటే వేళాకోళం. దేవుడి దగ్గర పరాచికాలెందుకని నేనా దీపం ఎన్నడూ పెట్టలేదు.

నిరుడు బావ ఊపిరితిత్తుల్లో ఇసుక దుమ్ము పేరుకుపోయిందని డాక్టరు చెప్పాడు. జబ్బు తెలిసిన రెండేళ్లలోపు ఫ్యాక్టరీ మీద దావా వేయాలట. నా ఎక్స్‌రేలోనూ మచ్చలున్నాయి గానీ, గొట్టంలో ఊదిస్తే ఊపిరి బాగానే ఉంది. అక్క మమ్మల్నిద్దరినీ వకీలమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

వకీలమ్మ చట్టం విడమర్చి చెప్పింది. ఊపిరి తగ్గిందని పరీక్షలో తేలినవాళ్ల కేసులే ముందు వింటారు. మచ్చలు మాత్రమే ఉన్నవాళ్ల పేర్లు వేరే జాబితాలో ఉంచుతారు. వాళ్లకు గడువు దాటిపోదు, ఊపిరి తగ్గిన రోజున పిలుస్తారు. ఎవరైనా సరే, దుమ్ములో ఐదేళ్లు పనిచేసినట్టు చూపాలి. ఫ్యాక్టరీ పుస్తకం ప్రకారం, ఆ గదిలో చేసిన వంతులన్నీ పనిరోజులుగా కూడితే నాకు ఐదేళ్ల రెండు నెలలు. బావకు నాలుగేళ్ల మూడు నెలలే.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంతుల సంగతి ఆమెకు తెలియదు. తెలిసిన బావ గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

ఎందుకు చెప్పలేదని బయట మెట్లమీద బావను అడిగాను. రెండు మెట్లు దిగి, ఆగి, ఊపిరి కూడగట్టుకున్నాడు.

"చెబితే జాబితాలో నీ పేరు పోతుంది. రేపు నీకూ ఇదే గతి పడితే? నోరు మూసుకుని ఉండు."

మర్నాడు మందిరానికి వెళ్లాను. అక్కడి పెద్దాయన బీరువాలోంచి దీపాల వంతుల పాత పుస్తకాలు తీసి ఇచ్చాడు. ఆరేళ్ల శుక్రవారాలన్నిటికీ నా సంతకం ఉంది. అవే సాయంత్రాలు ఫ్యాక్టరీ పుస్తకంలో, ఇసుక గది కింద నా నంబరు ఉంది. ఆ పుస్తకాలు దొరుకుతాయని నాకు తప్ప ఎవరికీ తట్టదు. అవి తీసి నా చేతికే ఇవ్వడంలో దేవుడి ఉద్దేశం ఏమిటో నేను అడగలేదు.

ఇంట్లో అంతా చెప్పాను. నా భార్య మడత పెడుతున్న దుప్పటి ఒళ్లో వేసుకుంది.

"శుక్రవారాలు మీరు శుభ్రంగా వచ్చేవారు," అంది. "ఆ బట్టలు ఉతికినదాన్ని, నాకు తెలియదా?"

వకీలమ్మ పుస్తకాలు తిరగేసి కళ్లజోడు తీసింది.

"ఆ వంతులు కలిస్తే ఆయనకు ఐదేళ్లు దాటుతాయి, దావా నిలుస్తుంది. మీకు నాలుగేళ్లే మిగులుతాయి. జాబితాలోంచి మీ పేరు తీసేస్తారు. తర్వాత మీకు ఊపిరాడక నా దగ్గరికొచ్చినా, నేను చేయగలిగింది ఉండదు. ఆలోచించుకున్నారా?"

ఆలోచించుకున్నానని, జరిగింది రాసిచ్చి సంతకం పెట్టాను. నా బిళ్లతో వేరే మనిషిని పంపడం తప్పు కాదా అని కోర్టులో అవతలి వకీలు అడిగాడు. తప్పేనన్నాను. బావ దావా విచారణకు తీసుకున్నారు. నా పేరు కొట్టేశారు.

ఆ శుక్రవారం బావ నా వెంట మందిరానికి వచ్చాడు. దారిలో మూడుచోట్ల ఆగాడు.

"నయం, నీ దేవుడు మేడమీద లేడు," అన్నాడు గుమ్మంలో కూలబడుతూ.

అగ్గిపెట్టె ఇవ్వబోతే తీసుకోలేదు.

"నన్ను పెట్టమంటావేంట్రా? పెట్టాల్సింది నువ్వు."

వంతుల పుస్తకంలో ఆ రోజు దగ్గర బావ పేరు రాశాను. ఆయన చూస్తుండగా, ఆయన పేరున ఒక్క దీపం పెట్టాను.